పేరు రాసేటప్పుడు ఏ జన్యువు చదివారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సముద్రజీవుల్లో వెలుగునిచ్చే బ్యాక్టీరియా గురించి తెలుగు పత్రికల్లో అప్పుడప్పుడు వచ్చే వార్తలను, విజ్ఞాన వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకుల్లో నేనొకడిని. చాలాకాలం కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించినందువల్ల కావచ్చు, ఆ రాతల్లో ఒక లోపం నా కంట పడుతూనే ఉంటుంది. ఫలానా చేపలో ఫలానా బ్యాక్టీరియా నివసిస్తుందని, ఫలానా రొయ్యల హేచరీలో ఫలానా బ్యాక్టీరియా పిల్లలను చంపిందని రాస్తారే గాని, అది ఆ బ్యాక్టీరియాయేనని దేన్ని బట్టి తేల్చారో ఒక్క ముక్క కూడా రాయరు. మనిషి కంటికి చేపకూ, చేపకూ తేడా తెలుస్తుంది కనుక వంజరమనో పండుగప్ప అనో రాస్తే సరిపోతుంది. వెలిగే బ్యాక్టీరియాల విషయంలో ఆ సౌకర్యం లేదు. సూక్ష్మదర్శినిలో అన్నీ ఒకేలాంటి చిన్న కడ్డీలు, బ్యాక్టీరియాను పెంచే పళ్లెంలో అన్నీ ఒకేలాంటి నీలి చుక్కలు. వాటి పేరు జన్యువులను చదివితేనే తేలుతుంది, ఒక్కోసారి చదివినా తేలదు. ఈ సంగతి కొంచెం వివరంగా రాయడానికి అనుమతించాలని కోరుతున్నాను.

ముందుగా ఒక గందరగోళాన్ని పక్కన పెట్టాలి. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో రాత్రిపూట అలలు నీలంగా మెరిసినప్పుడు, ఆ దృశ్యాలు మన ఫోన్లన్నిటికీ చేరాయి, వాటి వెంట రకరకాల వివరణలూ చేరాయి. ఆ వెలుగు నాక్టిలూకా అనే ఏకకణ జీవిది. అది కేంద్రకం ఉన్న, బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దదైన కణం. అల విరిగినప్పుడో, నీటిలో చేయి ఆడించినప్పుడో అది క్షణకాలం మెరిసి ఆరిపోతుంది. బ్యాక్టీరియా వెలుగుకు కుదుపు అక్కర్లేదు. ప్రాణవాయువు, ఆహారం అందినంతసేపు నిలకడగా వెలుగుతూనే ఉంటుంది. పదిహేడో శతాబ్దంలోనే రాబర్ట్ బాయిల్, పాడవుతున్న చేప చీకట్లో వెలుగుతుంటే దాన్ని గాజు పాత్రలో పెట్టి గాలి తోడేసి చూశాడు. గాలి తీసేస్తే వెలుగు తగ్గింది, గాలి వదిలితే తిరిగి వచ్చింది. బ్యాక్టీరియా అనేవి ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో రాత్రి వంటగదిలో దీపం వేయకుండా వెళ్లినవారు గిన్నెలోని రొయ్యలో చేపముక్కలో లేతనీలంగా మెరవడం చూసి, ఏదో మందు కలిపారని కంగారుపడుతుంటారు. చల్లదనంలోనూ పెరగగలిగే ఫొటోబ్యాక్టీరియం వంటి సముద్రపు బ్యాక్టీరియా అందుకు కారణం. సరుకు నిల్వ ఉందని అది చెబుతుందే గాని, మందు కలిపారని చెప్పదు.

చచ్చిన చేప మీద పెరిగే వాటి సంగతి అలా ఉంచితే, బతికిన చేపలో ఇల్లు కట్టుకున్నవి వేరే ఉన్నాయి. మన పాఠకులకు వాటిని చూపడానికి హవాయి దాకా వెళ్లనక్కర్లేదు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో గుట్టలు గుట్టలుగా దిగే కారలు చాలు. పల్చగా, వెండిరేకులా ఉండి, పట్టుకుంటే చేతికి జిగురు అంటించి, నోటిని గొట్టంలా ముందుకు చాచే ఈ చిన్న చేపలను మనవాళ్లు కొన్ని కూర వండుకుంటారు, ఎక్కువగా ఎండబెడతారు, మిగిలినవి దాణాలోకి పోతాయి. తాజా కారను కడుపు వైపు నుంచి జాగ్రత్తగా కోసి, గొంతు నుంచి దిగిన అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట చూస్తే, దాని చుట్టూ ఉంగరంలా పాలిపోయిన కణజాలం ఒకటి కనిపిస్తుంది. పట్టపగటి వెలుతురులో అది కొవ్వులాగే ఉంటుంది, తెలియనివారు తీసి పారేస్తారు. గది తలుపులు మూసి, దీపాలు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టి చూస్తే ఆ ఉంగరమే నీలిపచ్చగా వెలుగుతూ కనిపిస్తుంది. అందులో కిక్కిరిసి ఉన్నవి కోట్లకొద్దీ బ్యాక్టీరియా. ఆ వెలుగు పక్కనే ఉన్న గాలితిత్తి లోపలి మెరిసే పొరకు తగిలి, పారదర్శకంగా ఉన్న కండరాల గుండా కడుపు కిందికి పరుచుకుంటుంది. పైనుంచి పడే వెలుతురుతో అది కలిసిపోవడంతో, కింద నుంచి చూసే వేటచేపకు కార నీడ కనిపించదు. కొన్ని జాతుల్లో మగచేపల్లో ఈ ఉంగరం ఆడచేపల్లో కంటే పెద్దది. చర్మంలో ఉన్న పలుచని కిటికీల వంటి భాగాల గుండా అవి వెలుగును మిణుకుమనిపిస్తాయి.

ఆ ఉంగరాన్ని శుద్ధిచేసిన సముద్రపు నీటితో కడిగి, నలిపి, పలుచన చేసి, సముద్రపు నీటితో తయారుచేసిన అగర్ పళ్లెం మీద పరిస్తే, మరునాటికి చుక్కలు చుక్కలుగా కాలనీలు వస్తాయి. వాటిని చీకటి గదిలో చూసి, వెలిగేవాటికి పళ్లెం అడుగున గుర్తు పెట్టి, ఒక్కొక్కటీ విడదీస్తారు. ఇంతవరకు డిగ్రీ విద్యార్థి కూడా చేయగల పని. ఆ తర్వాత వచ్చే ప్రశ్న మాత్రం చిక్కుది. ఇది ఏది?

వెనకటి రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు చక్కెరలతో చెప్పేవారు. ఏ చక్కెరను పులియబెడుతుంది, ఎంత ఉప్పును తట్టుకుంటుంది, ఎంత చల్లదనంలో పెరుగుతుంది, తోకలెన్ని ఉన్నాయి అని పరీక్షల పట్టిక నింపి పేరు పెట్టేవారు. వెలుగును కూడా ఆ పట్టికలో ఒక లక్షణంగా లెక్కించేవారు. ఆ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో చెప్పడానికి హవాయి తీరంలోని చిన్న స్క్విడ్ కథ సరిపోతుంది. యూప్రిమ్నా స్కోలోప్స్ అనే ఈ జీవి పుట్టినప్పుడు దాని వెలుగు అవయవంలో బ్యాక్టీరియా ఉండవు. పుట్టిన కొన్ని గంటల్లోనే చుట్టూ ఉన్న సముద్రపు నీటిలో ఉండే లక్షలాది సూక్ష్మజీవుల నుంచి ఒకే ఒక్క రకాన్ని, వైబ్రియో ఫిషెరీని, లోపలికి రానిస్తుంది. రాత్రంతా దాని వెలుగును వాడుకుని, తెల్లవారగానే సుమారు 95 శాతం బ్యాక్టీరియాను బయటికి నెట్టేస్తుంది. మిగిలినవి పగలంతా పెరిగి సాయంత్రానికి మళ్లీ అవయవాన్ని నింపుతాయి. మార్గరెట్ మెక్‌ఫాల్-న్గై, ఎడ్వర్డ్ రూబీ దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న ఈ స్క్విడ్, బ్యాక్టీరియా జంటలో, ఈఎస్114 అనే ప్రసిద్ధ రకం స్క్విడ్ లోపల బాగా వెలుగుతుంది. దాన్నే బయటికి తీసి పళ్లెంలో పెంచితే ఒక్కో కణం ఇచ్చే వెలుగు వెయ్యి రెట్లకు పైగా పడిపోయి, కంటికి ఆనదు. చీకటి గదిలో పళ్లెం చూసి వెలగనివాటిని పక్కన పడేసే పద్ధతిలో ఈ స్క్విడ్‌లోని అసలు నివాసే చెత్తబుట్ట పాలయ్యేది.

వెలుగు ఎందుకు అలా మారుతుందో కూడా జన్యువులే చెప్పాయి. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే ముగ్గురు, ఈ బ్యాక్టీరియా పలుచగా ఉన్నంతకాలం వెలగవని, గుంపు దట్టమయ్యాకే వెలుగు మొదలవుతుందని చూపించారు. అవి ఒక చిన్న రసాయనాన్ని నీటిలోకి వదులుతుంటాయి. గుంపు పెరిగి ఆ రసాయనం ఒక స్థాయికి చేరితే వెలుగు జన్యువులు మేల్కొంటాయి. 1983లో ఎంగెబ్రెక్ట్, నీల్సన్, సిల్వర్‌మన్ ఆ జన్యువుల తునకను విడదీసి, మన పేగుల్లో ఉండే మామూలు ఈ-కోలై బ్యాక్టీరియాలో పెడితే అదీ వెలిగింది. లక్స్-ఎ, లక్స్-బి అనే రెండు జన్యువులు వెలుగునిచ్చే ఎంజైము లూసిఫరేజ్‌లోని రెండు భాగాలను తయారుచేస్తాయి. లక్స్-సి, లక్స్-డి, లక్స్-ఇ ఆ ఎంజైముకు కావలసిన ఆల్డిహైడ్ అనే ఇంధనాన్ని సమకూరుస్తాయి. ప్రాణవాయువు, కణంలోనే ఉండే ఫ్లేవిన్ అనే పదార్థం తోడైతే సుమారు 490 నానోమీటర్ల నీలిపచ్చ వెలుగు వస్తుంది. సముద్రపు నీటిలో ఎక్కువ దూరం పోయే వెలుగు కూడా ఇంచుమించు అదే.

జన్యువులతో గుర్తింపు అన్నప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది 16ఎస్ జన్యువు. బ్యాక్టీరియా అన్నిటిలోనూ ఉండే రైబోజోములో ఒక భాగాన్ని రాసే ఈ జన్యువు దాదాపు 1,500 డీఎన్ఏ అక్షరాల పొడవు ఉంటుంది. జీవులన్నిటి వంశవృక్షాన్ని రైబోజోము ఆధారంగా గీయవచ్చని 1977లో కార్ల్ ఓస్, జార్జ్ ఫాక్స్ చూపాక, ఆ తర్వాత డీఎన్ఏ తునకకు లక్షల ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతి అందుబాటులోకి వచ్చాక, ఇది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఇది సాధించిన మేలు తక్కువది కాదు. కళ్ల కింద వెలుగు సంచులతో తిరిగే ఫ్లాష్‌లైట్ చేపల బ్యాక్టీరియాను, లోతు సముద్రంలో నుదుటి మీద దీపం వేలాడదీసుకునే యాంగ్లర్ చేపల బ్యాక్టీరియాను పళ్లెంలో పెంచడం ఎవరి వల్లా కాలేదు. పెరగని వాటికి చక్కెర పరీక్షలు ఎలా చేస్తారు? 1993లో మార్గో హేగుడ్, డేనియల్ డిస్టెల్ వాటిని పెంచకుండానే, అవయవం నుంచి నేరుగా తీసిన డీఎన్ఏలో 16ఎస్ చదివి, అవి వైబ్రియోల బంధువులేనని, కానీ తెలిసిన ఏ జాతిలోనూ ఇమడని వేరే శాఖలని తేల్చారు. తర్వాత టోరీ హెండ్రీ బృందం వాటి జన్యుపటాలను, అంటే మొత్తం డీఎన్ఏను, చదివితే, అవి బంధువుల జన్యుపటాల కంటే బాగా కుదించుకుపోయి కనిపించాయి. ఫ్లాష్‌లైట్ చేప బ్యాక్టీరియాలో దాదాపు 80 శాతం, యాంగ్లర్ చేప బ్యాక్టీరియాలో సగం దాకా తగ్గిపోయింది. బయట స్వతంత్రంగా బతకడానికి కావలసినవి చాలావరకు పోయాయి, వెలుగు జన్యువులు మాత్రం ఉన్నాయి. పళ్లెంలో అవి ఎందుకు పెరగవో దీనితో కొంత అర్థమైంది.

అయితే 16ఎస్‌ను మన దగ్గర నమ్మవలసినదానికంటే ఎక్కువ నమ్ముతున్నారు. దాన్ని చదివి, అంతర్జాతీయ జన్యు భాండాగారంలో వెతికించి, జాబితాలో మొదట వచ్చిన పేరును దించి రాయడమే గుర్తింపు అనుకుంటున్నారు. ఊరందరికీ ఒకే ఇంటిపేరు ఉన్నచోట ఇంటిపేరు అడిగి మనిషిని పట్టుకోబోయినట్టే ఉంటుంది, వైబ్రియోల విషయంలో ఒక్క 16ఎస్‌నే నమ్ముకోవడం. వైబ్రియో హార్వేయి, వైబ్రియో క్యాంప్‌బెల్లీ అనే రెండు జాతుల 16ఎస్ 99 శాతానికి పైగా ఒకటే. పైగా ఒక్కో కణంలోనే ఈ జన్యువు ప్రతులు చాలా ఉంటాయి, వాటిలో అవే ఒకదానితో ఒకటి అక్షరాలా కలవవు.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయే తేడా అనుకోవద్దు. బ్యాక్టీరియాలు ఒకదానితో ఒకటి ఎలా కబురు పెట్టుకుంటాయో తెలుసుకోవడానికి ప్రిన్స్‌టన్‌లో బానీ బాస్లర్ ప్రయోగశాల సహా ఎందరో ఏళ్ల తరబడి వాడిన ప్రసిద్ధ వెలుగు బ్యాక్టీరియా ఒకటుంది. బ్యాక్టీరియాను భద్రపరిచే భాండాగారంలో బీఏఏ-1116 అనే సంఖ్యతో ఉన్న దాన్ని అందరూ వైబ్రియో హార్వేయి అనే పిలిచారు. దాని పూర్తి జన్యుపటం కూడా ఆ పేరుతోనే జన్యు భాండాగారంలోకి వెళ్లింది. 2010లో లిన్ బృందం పలు జన్యువులను, జన్యుపటాలను పోల్చి చూసి, అది హార్వేయి కానే కాదని, క్యాంప్‌బెల్లీ అని తేల్చింది. థాయిలాండ్‌లో వెలుగుతూ చనిపోయిన రొయ్య నుంచి తీసిన హెచ్‌వై01 అనే రకానిదీ అదే కథ. అంటే హార్వేయి జాతికి నమూనాగా భావించి జన్యుపటం చదివిన రెండు రకాలూ ఆ జాతివి కావు. ఈలోగా తమ జన్యువును జన్యు భాండాగారంలో వెతికించిన ప్రతి ప్రయోగశాలకూ ఆ తప్పు పేరే జవాబుగా వెళ్లి ఉంటుంది. వెతికిన వారి తప్పు అందులో లేదు, కానీ మొదటి పేరు దగ్గరే ఆగిపోవడం మాత్రం తప్పే.

ఈ కథతో మనకు నేరుగా సంబంధం ఉంది. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ సాగుకు కావలసిన సీడ్‌లో, అంటే రొయ్య పిల్లల్లో, ఎక్కువ భాగం మన తీరం వెంట ఉన్న హేచరీల నుంచే వస్తుంది. టైగర్ రొయ్య రోజుల నుంచీ హేచరీల వాళ్లకు తెలిసిన పీడకల ఒకటుంది. అర్ధరాత్రి దీపాలు ఆర్పితే ట్యాంకులోని పిల్లలు పచ్చగా వెలుగుతాయి, తెల్లారేసరికి అడుగున పేరుకుపోతాయి. 1994లో కరుణాసాగర్ బృందం మన దేశపు హేచరీలో ఇలా టైగర్ రొయ్య పిల్లలు గుంపుగా చనిపోవడానికి కారణం మందులకు లొంగని వైబ్రియో హార్వేయి అని ప్రచురించింది. అది ఆనాటికి అందుబాటులో ఉన్న పద్ధతులతో చేసిన మంచి పని, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆనాటి నుంచి ఈనాటి దాకా వెలిగితే హార్వేయి అనే అలవాటు మాత్రం మన దగ్గర మారలేదు. రిపోర్టులు నేను చూశాను. వైబ్రియోలను పెంచడానికి వాడే టీసీబీఎస్ పళ్లెం మీద గ్రీన్ కాలనీలు ఇన్ని, ఎల్లో కాలనీలు ఇన్ని, వెలుగు ఉంది, కనుక వైబ్రియో హార్వేయి. ఆ పళ్లెం చెప్పేది కాలనీ సుక్రోజ్ అనే చక్కెరను పులియబెట్టిందా లేదా అన్న ఒక్క సంగతే. హార్వేయిలో పులియబెట్టేవీ ఉన్నాయి, పులియబెట్టనివీ ఉన్నాయి. వెలిగేవీ ఉన్నాయి, వెలగనివీ ఉన్నాయి. క్యాంప్‌బెల్లీలోనూ వెలిగేవి ఉన్నాయి. అందువల్ల ఆ రిపోర్టు నుంచి ఆ పేరు రాదు.

పేరు తెలిసి ఏం చేయాలి, ఎలాగూ ట్యాంకు పారబోసి, బ్లీచింగ్ కొట్టి, కొత్తగా మొదలుపెట్టడమే కదా అని హేచరీ నడిపేవారు అడుగుతారు. ఆ రాత్రి వరకు వారి మాట నిజమే, ఆ రాత్రి పేరుతో పని లేదు. కానీ మళ్లీ నెలకు అదే ట్యాంకు వెలిగితే అది తల్లిరొయ్యతో వచ్చిందా, సముద్రపు నీటితో వచ్చిందా, పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియాతో వచ్చిందా, పైపుల్లో పొరకట్టి కూర్చుని ఉందా అన్న ప్రశ్నకు జవాబు కావాలి. తల్లిరొయ్య నుంచి తీసినదాని జన్యుపటమూ, ట్యాంకులోని దాని జన్యుపటమూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు లేదు. రెండిటికీ హార్వేయి అని రాసుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. యాంటీబయాటిక్‌ల మీద ఆంక్షలు పెరిగాక మార్కెట్లోకి వచ్చిన ఫేజ్‌ల సంగతి ఇంకా సున్నితమైనది. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్. అది ఒక జాతిలోనూ కొన్ని రకాలనే పట్టుకుంటుంది, పక్కదాన్ని ముట్టుకోదు. ఏ వైబ్రియో ఉందో తెలియకుండా సీసా కొని పోస్తే పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. పనిచేయకపోతే ఫేజ్‌నే తిడతారు.

16ఎస్ చాలదంటే, వెలుగు జన్యువునే చదివితే పోతుందిగా అని విద్యార్థులు అడిగేవారు. చక్కని ప్రశ్న, పరిశోధకులూ అదే చేశారు. అందులో మన ప్రాంతానికి దగ్గరి కథ ఒకటుంది. కారల ఉంగరంలో ఉండేది ఫొటోబ్యాక్టీరియం లీయోగ్నాతి అని 1967 నుంచి ఆ పేరుంది. 1970లో దీనికి దగ్గరగా ఉన్న మరొకదానికి తమిళనాడులోని మండపం పేరు మీదుగా ఫొటోబ్యాక్టీరియం మండపమెన్సిస్ అని పేరు పెట్టారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రధాన కార్యాలయం చాలా ఏళ్లు ఉన్న మండపమే అది. ఆ తర్వాత రెండూ ఒకటేనని తేల్చి మండపం పేరు కొట్టేశారు. 2004లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో జెనిఫర్ ఆస్ట్, పాల్ డన్‌లాప్ వెలుగు జన్యువుల వరుసను చదివి, రెండూ వేర్వేరు శాఖలని మళ్లీ విడదీశారు. మండపం రకంలో లక్స్-బి, లక్స్-ఇ మధ్య లక్స్-ఎఫ్ అనే అదనపు జన్యువు ఉంది, లీయోగ్నాతిలో అది లేదు. డీఎన్ఏ తునకలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద ఒక గీత స్థానంలో తేడాగా కూడా ఇది తెలుస్తుంది. చక్కెర పరీక్షల్లో కనబడక కొట్టేసిన పేరు జన్యువు చదివితే తిరిగి లేచింది.

అదే బృందం మరో చిక్కునూ బయటపెట్టింది. జపాన్ తీరంలో దొరికిన లీయోగ్నాతి రకాలు కొన్నిటిలో వెలుగు జన్యువుల సముదాయం ఒకటి కాదు, రెండు ఉన్నాయి, అవి ఒకదానికొకటి నకళ్లు కావు. అలాంటి రకాన్ని పీసీఆర్‌లో పెడితే ఏ సముదాయం నుంచి అక్షరాలు వచ్చాయో చెప్పలేము. పైగా అరుదుగానైనా ఈ జన్యువులు ఒక జాతి నుంచి మరో జాతికి దాటుతాయి. కలరా కారకమైన వైబ్రియో కలరే జాతిలోనూ వెలిగే రకాలు ఉన్నాయి. అందుకే వెలుగు జన్యువు ఒక్కదాన్నే పట్టుకుని వంశం చెప్పకూడదు. 16ఎస్‌తో పాటు జైర్-బి, పైర్-హెచ్, రెక్-ఎ వంటి, కణం రోజువారీ బతుకుకు కావలసిన ఇంటిపనుల జన్యువులు కొన్ని, వాటికి తోడు లక్స్-ఎ చదివి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. ఇప్పుడు మొత్తం జన్యుపటాన్ని చదివి, తెలిసిన జాతుల నమూనా రకాలతో పోల్చి, సగటున 95 నుంచి 96 శాతం పోలిక దాటితేనే ఒకే జాతి అనే పద్ధతి నడుస్తోంది. లోతు సముద్రపు చేపల వెలుగు అవయవాల్లో ఉండేది ఫొటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియం అని దశాబ్దాలు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం, మేమూ అదే బోధించాం. ఇలా పలు జన్యువులు చదివాక 2007లో దాన్ని ఫొటోబ్యాక్టీరియం కిషిటానీ అనే వేరే జాతిగా విడదీశారు.

కారల దగ్గర ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో ఒకే చేప వెలుగు అవయవంలో లీయోగ్నాతి, మండపమెన్సిస్ రెండూ కలిసి ఉన్న సందర్భాలు కనిపించాయి. ఒక చేప, ఒక కాలనీ, ఒక పేరు అని సరిపెట్టుకుంటే ఇది ఎప్పటికీ కనిపించదు. ఒక్కో చేప నుంచి కాలనీలు చాలా తీయాలి, వెలగనివి కూడా కొన్ని తీయాలి.

జాతి పేరు సరిగ్గా తేలినా అంతటితో అన్నీ తెలిసిపోవని కూడా చెప్పాలి. 2009లో మాండెల్ బృందం చేసిన ప్రయోగంలో, జపాన్ పైన్‌కోన్ చేపలో నివసించే వైబ్రియో ఫిషెరీ రకం హవాయి స్క్విడ్‌లో సరిగా స్థిరపడలేదు. రెండూ ఒకే జాతి. ఆర్ఎస్‌సీఎస్ అనే ఒక్క నియంత్రణ జన్యువును దానిలోకి చేర్చగానే అది స్క్విడ్‌లో స్థిరపడింది. అలాగే వనామీ రొయ్యలను ముంచిన తొలిదశ మరణాల వ్యాధి వైబ్రియో పారాహీమోలిటికస్ వల్ల అని చెబుతారు గాని, అసలు విషం పిర్-ఎ, పిర్-బి అనే జన్యువులను మోసే ప్లాస్మిడ్‌లో, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టలో, ఉంది. ఆ ప్లాస్మిడ్ క్యాంప్‌బెల్లీలోనూ దొరికింది. అందుకే రిపోర్టులో జాతి పేరు పక్కన ఏ జన్యువులు ఉన్నాయో కూడా ఉండాలని అంటున్నాను.

ఈ పనికి మన దగ్గర మనుషులు లేక కాదు, చోటు లేక కాదు. విశాఖపట్నంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది, చెన్నైలో ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ఉంది, చండీగఢ్‌లో బ్యాక్టీరియాను భద్రపరిచే భాండాగారం ఉంది. మన కారల్లోనే గజ్జా మినుటా, సెక్యూటర్ ఇన్‌సిడియేటర్, బిండస్ వంటి జాతులు రేవులో ఒకే గంపలో కలిసి దొరుకుతాయి. ఏ జాతి కారలో ఏ బ్యాక్టీరియా ఉంది, శ్రీకాకుళం తీరంలోనూ నెల్లూరు తీరంలోనూ ఒకటేనా, ఎండాకాలానికీ చలికాలానికీ మారుతుందా అన్నది ఒక పీజీ విభాగం రెండేళ్లలో మొదలుపెట్టి పూర్తిచేయగల పని. చేప జాతిని కూడా కంటితో కాక, జంతువుల జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువుతో నిర్ధారించాలి, ఎందుకంటే కారల జాతుల పేర్లు కూడా ఈ మధ్య బాగా మారాయి. తీసిన బ్యాక్టీరియాను భాండాగారంలో దాచి, అక్షరాలను అందరికీ అందేలా ఉంచి, ఏ చేప, ఏ రేవు, ఏ తేదీ అన్నది పక్కన రాయాలి. తేదీ, చేప పేరు లేకుండా వట్టి అక్షరాలు దాచిన నమోదులు ఇప్పటికే చాలా ఉన్నాయి, వాటితో ఎవరికీ పెద్దగా ఉపయోగం లేదు.

పత్రికలకు నా విన్నపం చిన్నదే. వెలిగే బ్యాక్టీరియా గురించి, రొయ్యల వ్యాధి గురించి వార్త రాసినప్పుడు, ఏ జన్యువులు చదివి ఈ పేరు పెట్టారో శాస్త్రవేత్తను అడిగి ఒక్క వాక్యం రాయండి. జవాబు రాకపోతే పేరు రాయకుండా వెలిగే వైబ్రియో అని రాయండి, అది అబద్ధం కాదు. జిల్లా అనుబంధాల్లోని ఆక్వా పేజీలో, ల్యాబ్ రిపోర్టు తీసుకునేటప్పుడు హేచరీ వారు అడగవలసిన ప్రశ్నలను ఒకసారి ప్రచురించగలిగితే ఇంకా మంచిది. ఎన్ని కాలనీల నుంచి చూశారు, 16ఎస్ ఒక్కటేనా ఇంకేమైనా చదివారా, నమూనా రకంతో పోల్చారా లేక మొదట వచ్చిన పేరు రాశారా, వెలగని కాలనీలను ఏం చేశారు. డబ్బు కట్టి పరీక్ష చేయించుకునేవారికి ఇవి అడిగే హక్కు ఉంది.

తూర్పు తీరంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పడవలు దిగిన మొదటి వారాల్లో రేవుకు వచ్చే కారలు తాజాగా దొరుకుతాయి. ఏ కళాశాల విభాగమైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే, అవయవాన్ని విడదీయడం, మాధ్యమం తయారుచేయడం, చీకటి గదిలో కాలనీలు ఎంచడం నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ కార్యాలయం ద్వారా నన్ను సంప్రదించవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ.